టెక్ సందేహాలు: 12 వోల్టుల బ్యాటరీకి అంత లావు కేబుల్ ఎందుకు?

ప్రశ్న: పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి 12.8 వోల్టుల, 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాను. 1000 వాట్ల ఇన్వర్టర్. రెండింటి మధ్య దూరం 2 మీటర్లు. ఇంట్లో మిగిలిన 6 స్క్వేర్ ఎంఎం వైరుతో కలిపాను. మిక్సీ వేస్తే ఇన్వర్టర్ కుయ్‌మని ఆగిపోతోంది, వైరు కాలిపోతోంది. ఏసీకి 4 స్క్వేర్ ఎంఎం వైరే సరిపోతోంది కదా, దీనికి 6 చాలదా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చాలదు. ముందు ఆ వైరు విప్పేసి, తర్వాత మిగతాది చదవండి.

వైరు లావును నిర్ణయించేది వోల్టులు కాదు, ఆంపియర్లు. 1000 వాట్ల లోడు 230 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లు కూడా లాగదు. అదే లోడు కోసం మీ ఇన్వర్టర్, తన నష్టం 10 శాతం కలుపుకుని, బ్యాటరీ నుంచి దాదాపు 87 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ తక్కువ కదా అని సన్న వైరు వేయడం అందరూ చేసే పొరపాటే. నేనూ చేశాను, చెయ్యి చురుక్కుమన్నాకే తెలిసింది.

ఇక లెక్క. మీటరు పొడవు, 1 స్క్వేర్ ఎంఎం రాగి తీగ రెసిస్టెన్స్ సుమారు 0.0172 ఓమ్. కరెంటు వెళ్లి తిరిగి రావాలి కాబట్టి మీ 2 మీటర్లు నిజానికి 4 మీటర్లు. 0.0172ను 4తో గుణించి 6తో భాగిస్తే 0.0115 ఓమ్. 87 ఆంపియర్ల దగ్గర ఒక వోల్టు దారిలోనే పోతుంది, 87 వాట్లు వైరులోనే వేడిగా మారతాయి. మిక్సీ మోటారు స్టార్టయ్యే క్షణంలో కరెంటు ఇంకా పెరుగుతుంది. వోల్టేజీ ఇంకా పడిపోయి, బ్యాటరీ అయిపోయిందనుకుని ఇన్వర్టర్ ఆగిపోతుంది. బ్యాటరీలో ఏ లోపమూ లేకపోవచ్చు.

అదే 25 స్క్వేర్ ఎంఎం అయితే నష్టం పావు వోల్టు లోపే. నేనైతే 35 వేస్తాను. వెల్డింగ్ కేబుల్ అడగండి, సన్న పోగులతో ఉండి సులువుగా వంగుతుంది. పైతొడుగు లావు చూసి మోసపోకండి. చాకుతో ఒక పోగు గీకితే లోపల వెండి రంగు కనిపించిందా, అది చాలావరకు రాగి పూత వేసిన అల్యూమినియమే. దాని రెసిస్టెన్స్ రాగి కంటే ఒకటిన్నర రెట్లు. ఆన్‌లైన్‌లో కొంటే ఇంకో తికమక: అమెరికన్ గేజ్‌లో అంకె పెరిగే కొద్దీ వైరు సన్నబడుతుంది. 2 గేజ్ అంటే దాదాపు 33 స్క్వేర్ ఎంఎం, 8 గేజ్ అంటే ఎనిమిదిన్నరే.

కేబుల్ బాగున్నా, దాని చివర తొడిగే లోహపు లగ్గులు, అదే షాపుల్లో థింబుల్స్ అంటారు, సుత్తితో కొట్టి బిగిస్తే అంతా వృథా. హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న షాపులోనే నొక్కించండి.

ఫ్యూజు మాత్రం తప్పనిసరి. షార్ట్ అయితే లిథియం బ్యాటరీ నుంచి ఒక్కసారిగా వందల ఆంపియర్లు దూసుకొస్తాయి, లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) మీదే భారం వేయకూడదు. 125 ఆంపియర్ల డీసీ (బ్యాటరీ ఇచ్చే కరెంటు) ఫ్యూజు, ప్లస్ టెర్మినల్‌కు జానెడు దూరంలో పెట్టండి. ఇంట్లో పడి ఉన్న, 230 వోల్టుల ఏసీ కరెంటుకు వాడే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ట్రిప్పయ్యే స్విచ్) వద్దు. ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి, ఎంసీబీ ట్రిప్పయినప్పుడు లోపల వచ్చే నిప్పురవ్వ ఆరుతుంది, డీసీలో ఆ వీలు లేదు.

ప్రశ్న: గేటు దగ్గరి 12 వోల్టుల సీసీ కెమెరా పగలు బాగానే ఉంటుంది, రాత్రయితే రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది. అడాప్టర్ మార్చినా అంతే. వైరు 20 మీటర్లు, సన్నది.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇదీ ఆ కథే అయ్యుండాలి. చీకటి పడితే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతాయి. అర స్క్వేర్ ఎంఎం వైరైతే రానూపోనూ 40 మీటర్లకు, ఒక్క ఆంపియర్‌కే 1.4 వోల్టులు తగ్గుతాయి. 1.5 స్క్వేర్ ఎంఎం వైరు వేయండి. లేదా గేటు దాకా 230 వోల్టుల లైను ఉంటే అడాప్టర్‌ను తడవని డబ్బాలో పెట్టి కెమెరా పక్కనే బిగించండి, వైరు మార్చే పనే ఉండదు.