మావయ్యకి తిరిగి చేయని ఫోన్

ప్రశ్న: నా వయసు 28. మాది భీమవరం దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. చిన్నప్పుడు నాన్న గల్ఫ్‌లో ఉండటంతో నన్ను పెంచింది మా మేనమామే. రోజూ టీవీఎస్ బండి మీద స్కూల్‌కి తీసుకెళ్లి, గేటు దగ్గర దించి, వదులైన నా జడ రిబ్బను మళ్లీ కట్టేవారు. ఎప్పుడూ ఒకవైపు పొడుగ్గా వచ్చేది. రెండు నెలల క్రితం గుండెపోటుతో ఉన్నట్టుండి పోయారు. 54 ఏళ్లే. ముందు రోజు రాత్రి ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉండి ‘తర్వాత చేస్తా మావయ్యా’ అని పెట్టేశాను. చేయలేదు. తెల్లవారుజామున కబురొచ్చింది. ఇంటిపేరు వేరు, నీకు మైల లేదు, పైగా పెళ్లి కుదిరిన పిల్లవి అని నాలుగో రోజే నన్ను పంపేశారు. ఆఫీసులో మామూలుగానే ఉంటాను, నవ్వుతాను కూడా. రాత్రి పార్కింగ్‌లో కూర్చుని ఏడుస్తాను. ఫాల్గుణంలో నా పెళ్లి. బుట్టలో ఎత్తుకొచ్చేది నేనే అని ఆయన ఎప్పుడూ అనేవారు. ఆయన వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు వినలేను, తీసేయలేను. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ సంగతే మాట్లాడుకుందాం. మిమ్మల్ని ఎక్కువగా తినేస్తున్నది అదే.

‘తర్వాత చేస్తా’ అని మనం ఎవరితో అంటాం? మనల్ని వదిలి ఎక్కడికీ పోరని నమ్మకం ఉన్నవాళ్లతో, చనువున్నవాళ్లతో. ఆయనా నొచ్చుకుని ఉండరు. ‘పిల్ల పనిలో ఉంది’ అనుకుని భోజనానికి లేచి ఉంటారు. మీరు రాయలేదు కానీ, ఆ రోజు మాట్లాడి ఉంటే ఒంట్లో బాగాలేదని చెప్పేవారేమో అన్న ఆలోచన కూడా వస్తూనే ఉంటుంది. ఇంత హఠాత్తుగా మనిషిని పోగొట్టుకున్నవాళ్లలో ఈ ‘అలా చేసి ఉంటే’ రాని వాళ్లను నేను చూడలేదు. ఆ రాత్రి ఫోన్ వచ్చినప్పుడు మీకు తెలిసింది ఎంత? మావయ్య ఫోన్ చేశారు, మీటింగ్ నడుస్తోంది, అంతే. తెల్లారాక తెలిసినదాన్ని పట్టుకుని ముందు రాత్రి మనిషిని నిలదీయడం న్యాయం కాదు. మీ స్నేహితురాలికి ఇలా జరిగితే తనను ఇలాగే నిలదీస్తారా?

ఇక ఆ మైల మాట. చదివి నాకు చాలా కష్టమనిపించింది. చెవులు కుట్టించడానికి మేనమామ ఒడి కావాలి. పుట్టువెంట్రుకలు తీయించడానికి ఆయనే కావాలి. పెళ్లి బుట్ట ఆయనే మోయాలి. ఆయన పోయినప్పుడు మాత్రం మీరు పరాయి ఇంటిపిల్ల అయిపోయారు. మీ పెద్దవాళ్లు చెడ్డవాళ్లు కాదు, ఆనవాయితీ ప్రకారం చెప్పారు. కానీ దుఃఖానికి ఇంటిపేరు తెలియదు. చుట్టూ ఉన్నవాళ్లు లెక్కలోకి తీసుకోని ఇలాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికా ప్రొఫెసర్ 1989లోనే రాశారు. పలకరించేవాళ్లు లేక అది లోపలే ఉండిపోతుంది. మీకు అది పార్కింగ్‌లో బయటికొస్తోంది. మీరు కూతురిలాగే పెరిగారు, కూతురిలాగే ఏడుస్తున్నారు. అందులో అతి ఏమీ లేదు.

ఆఫీసులో నవ్వుతున్నందుకు తప్పుచేసినట్టు అనిపిస్తే దాన్ని వదిలేయండి. కాసేపు బాధలో మునిగి, కాసేపు పనుల్లో పడి, మళ్లీ బాధలోకి వెళ్లడం మామూలు తీరని స్ట్రోబ్, షూట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో వివరించారు. ఆ నవ్వు అబద్ధం కాదు, రాత్రి ఏడుపూ అబద్ధం కాదు. కాకపోతే ఏడవడానికి పార్కింగ్ కంటే మంచి చోటు ఉంది. అమ్మకి ఫోన్ చేయండి. ఆవిడకి పోయింది తోడబుట్టినవాడు. కూతురి పెళ్లి పెట్టుకుని ఏడిస్తే బాగుండదని ఆవిడా దిగమింగుకుంటూ ఉండవచ్చు.

వాయిస్ మెసేజ్‌లు ఇప్పుడే వినక్కర్లేదు. కానీ ఈ వారమే వాటిని కంప్యూటర్లోకో, పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేసి పెట్టుకోండి. ఫోన్ మార్చినప్పుడు పోగొట్టుకుని కుమిలిపోయినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. వినాలనిపించిన రోజున ఒక్కరే వినకండి, పక్కన ఒక మనిషి ఉండాలి. ఆ రోజుకి ఒక్కటి చాలు. ఇంకో మాట. ఆయన నంబరు ఎవరూ వాడకపోతే కొన్నాళ్లకి కంపెనీ దాన్ని వేరేవాళ్లకి ఇచ్చేస్తుంది. ఎప్పుడో బెంగ పుట్టి చేస్తే కొత్త గొంతు పలికితే గుండె జారిపోతుంది. ఆ నంబరు ఉంచుకునే వీలుందేమో అత్తయ్యతో, ఆవిడ పిల్లలతో మాట్లాడండి.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు ఆ రిబ్బను. ఒకవైపు పొడుగ్గా ఉన్న రిబ్బనుతో రోజంతా క్లాసులో కూర్చున్న పిల్ల నా కళ్లముందు కనిపించింది. ఇప్పుడు ఆయన చివరి రాత్రి ఒక్కటే మిగతా ఇరవై ఎనిమిదేళ్లనూ కప్పేస్తోంది. ఒక నోట్‌బుక్ తీసుకుని ఇలాంటివి రాయండి. ఏం తినేవారు, ఎవరి మీద కోప్పడేవారు, ఏ మాట పదేపదే అనేవారు. కోపాలు కూడా రాయండి, దేవుణ్ణి చేయక్కర్లేదు. సంక్రాంతికి మీ వైపు పెద్దలకు బట్టలు పెట్టుకుంటారు కదా. ఈసారే పెడతారో, ఏడాది దాటాక పెడతారో ఇంట్లోవాళ్లు చూసుకుంటారు. ఎప్పుడు పెట్టినా ఆ పంచెల చాపు మాత్రం మీ జీతంతో కొనండి.

పెళ్లి బుట్ట విషయం ఎవరో నిర్ణయించి ముహూర్తం రోజు చెప్పేదాకా ఆగకండి. అమ్మకి అన్నదమ్ముల వరసయ్యేవాళ్లు ఎవరైనా ఎత్తుకోవచ్చు. ఎవరన్నది అత్తయ్యని అడిగి, ఆవిడ మాట ప్రకారం చేయండి. పసుపుకుంకాలు పోయాయని ఆవిడను వెనక గదిలో కూర్చోబెట్టే ప్రయత్నం ఎవరు చేసినా మీరు ఒప్పుకోకండి. ఏడాది లోపు ఆవిడే రానంటే అది వేరు. రాగలిగితే మాత్రం మీకు కనిపించేచోట, ముందు వరసలో ఉండాలి.

నిద్ర, తిండి పూర్తిగా దెబ్బతిన్నా, ఆరు నెలలు దాటినా రోజు గడవడమే కష్టంగా ఉన్నా సైకాలజిస్టును కలవండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే అన్నాళ్లు ఆగకుండా, ఆ క్షణమే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి చేయండి. ఖర్చు లేదు, రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు.

ఆ రాత్రి మావయ్య ఎందుకు ఫోన్ చేశారో మీకు ఇప్పటికీ తెలియదు. అత్తయ్యకు తెలిసి ఉండవచ్చు. అడగడానికి భయపడుతున్నారు కదూ? ఆదివారం మధ్యాహ్నం, వంటిల్లు సర్దుకున్నాక, ఆవిడ తీరిగ్గా ఉండే వేళ చూసి చేయండి. ముందు తిన్నారా అత్తయ్యా అని అడగండి. తర్వాత ఆ రాత్రి సంగతి అడగండి.