అంగారకుడిపై మీథేన్ కనిపిస్తే అక్కడ జీవం ఉన్నట్టేనా?

కాదు. ఆ వాయువు ఎలా పుట్టిందో తేలకుండా అలా అనలేం.

మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార కాలువ కింద సాగయ్యే ఊరు. నీళ్లు నిలిచిన వరిమడిలో కాలు పెడితే బురదలోంచి సన్నటి బుడగలు గొలుసుకట్టుగా పైకి వస్తాయి. వాటిలో మీథేన్ ఉంటుంది. గాలి ఆడని బురదలో బతికే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. మడి, మట్టి చేతికి అందుతాయి కాబట్టి ఈ మాట ధైర్యంగా చెప్పగలం. కానీ ఆలివిన్ అనే ఖనిజమున్న రాళ్లతో నీరు చర్య జరిపితే హైడ్రోజన్ పుడుతుంది. అది కార్బన్ డయాక్సైడ్‌తో కలిస్తే మీథేన్ ఏర్పడగలదు. ప్రాణితో పనే లేదు!

అంగారకుడి సంగతి ఇంకా చిక్కు. క్యూరియాసిటీ రోవర్ గేల్ బిలంలో కొలిచిన మీథేన్ చాలాసార్లు వంద కోట్ల అణువుల్లో ఒకటి కన్నా తక్కువే. కక్ష్యలోంచి చూసిన ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకకు అదీ కనిపించలేదు.

నా దృష్టిలో ఒంటరి వాయువు కన్నా జంట ముఖ్యం. ఆక్సిజన్, మీథేన్ ఒకదాన్నొకటి హరిస్తాయి. రెండూ ఒకేచోట దండిగా నిలిచాయంటే ఏదో, బహుశా జీవమే, వాటిని నిత్యం నింపుతూ ఉండాలి. అలాగని ఆక్సిజన్ లేనిచోట జీవం లేదనీ అనకూడదు. మన గాలిలో ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. సూక్ష్మజీవులు అంతకు వంద కోట్ల ఏళ్లకు పైగా ముందే ఉన్నాయి. ఆనాటి భూమిని దూరం నుంచి ఆక్సిజన్ కోసమే వెతికిన వారెవరైనా ఉంటే, ఖాళీ గ్రహమని రాసుకుని వెళ్లిపోయేవారు.