రాసుకునే వేళను కాపాడుకోవడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో చాలావాటి సారాంశం ఒకటే. రాయాలన్న కోరిక ఉంది, రాయగలమన్న నమ్మకమూ కొంత ఉంది, అయితే ఇల్లూ ఉద్యోగమూ ఫోనూ కలిసి రాతను సాగనివ్వడం లేదు. వాటిలో నాలుగింటిని ఎంచుకుని, దేనికి ఎంత చోటు అవసరమో అంత చోటు ఇచ్చి జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: నేను కాకినాడలో ఒక ప్రైవేటు బడిలో ఉపాధ్యాయురాలిని. ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు ఉన్న ఇల్లు. కథలు రాస్తాను. కూర్చున్న పది నిమిషాలకే ఎవరో ఒకరు పిలుస్తారు. వెళ్ళి వచ్చేసరికి కథ చేజారిపోతుంది. నాకు క్రమశిక్షణ లేదని మావారు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదమ్మా. బడిలో పాఠాలు చెప్పి, ఇంటికి వచ్చి వంట చేసి, పిల్లల హోంవర్కు చూసి, ఆ తర్వాత కూడా కాగితం ముందు కూర్చునే మనిషికి క్రమశిక్షణ లేదనడం అన్యాయం. లేచి వెళ్ళిన చోటికి మళ్ళీ చేరుకోవడానికి ఒక ఏర్పాటు మాత్రం మీకు కావాలి. నలుగురు మసిలే ఇంట్లో పిలుపులు ఆగవు. ఆగాలని ఎదురుచూస్తూ కూర్చుంటే ప్రతి పిలుపూ కోపం తెప్పిస్తుంది, ఆ కోపం కథను ఇంకాస్త దూరం చేస్తుంది. అందువల్ల పిలుపు వస్తుందని ముందే ఒప్పుకుని, వచ్చినప్పుడు ఏం చేయాలో నిర్ణయించి పెట్టుకోండి.

నేను చెప్పే పని చాలా చిన్నది. పిలుపు వినగానే లేవకండి. "వస్తున్నా" అని, అర నిమిషం ఆగి, సగంలో ఉన్న వాక్యం కింద ఇక రావలసింది ఏమిటో ఒక్క ముక్క రాసి లేవండి. ఆ ముక్క ఎలా ఉందన్న దాన్ని బట్టే దాని ఉపయోగం ఉంటుంది. "తర్వాత గొడవ సన్నివేశం రాయాలి" అని రాసుకుంటే, తిరిగి వచ్చాక అది మీకు ఏమీ చెప్పదు. "సరోజ గేటు దగ్గర ఆగింది, లోపల తమ్ముడి గొంతు వినబడింది, అయినా వెనక్కి పోదు, చెప్పులు విప్పుతుంది" అని రాసుకుంటే, రెండు గంటల తర్వాత వచ్చినా సరోజ ఆ గేటు దగ్గరే మీ కోసం నిలబడి ఉంటుంది. పాత్ర ఎక్కడుంది, ఏం విన్నది లేదా చూసింది, ఇప్పుడు చేయబోయే పని ఏమిటి అన్న మూడు సంగతులు ఉంటే చాలు. అందమైన వాక్యం కానక్కరలేదు, అక్షరదోషాలున్నా పరవాలేదు, అది మీరు తప్ప మరొకరు చదివేది కాదు.

దీని వెనుక పరిశోధన కూడా ఉంది. ఉద్యోగుల పనితీరును అధ్యయనం చేసే సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన వ్యాసంలో, ఒక పనిని ముగించకుండా మరో పనికి మారినప్పుడు మన ధ్యాసలో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుందని చూపించారు. 2018లో థెరీసా గ్లోంబ్‌తో కలిసి చేసిన అధ్యయనంలో, పని మధ్యలో లేవవలసి వచ్చినప్పుడు ఎక్కడ ఆగామో, తిరిగి వచ్చాక ఏం చేయాలో క్లుప్తంగా రాసుకున్నవారు, మధ్యలో వచ్చిపడిన ఆ రెండో పనిని మెరుగ్గా చేయగలిగారని తేలింది. నన్ను ఆకట్టుకున్నది ఈ చివరి సంగతే. మీరు రాసుకున్న ఆ ఒక్క ముక్క కథకు ఎంత మేలు చేస్తుందో, లెక్క చెప్పమని వచ్చిన పిల్లవాడికీ అంత మేలు చేస్తుంది. మనసు సగం సరోజ దగ్గర వదిలేసి, సగం మనసుతో వాడికి జవాబు చెప్పే అవస్థ తప్పుతుంది.

ఇక వేళ సంగతి. అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ న్యూయార్క్‌లో ఒక పెద్ద ప్రచురణ సంస్థలో సంపాదకురాలిగా ఉద్యోగం చేస్తూ, ఇద్దరు కొడుకులను ఒంటరిగా పెంచుతూ నవలలు రాశారు. పిల్లలు లేచి "అమ్మా" అని పిలవక ముందే, తెల్లవారుజామున రాసుకునేవారు. అవసరం కొద్దీ మొదలైన ఆ అలవాటు, పిల్లలు పెద్దవారయ్యాక కూడా ఆమెను వదల్లేదు. ఆమెకు 1993లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ ఉదాహరణ చదివి రేపటి నుంచే నాలుగు గంటలకు లేవాలని మాత్రం అనుకోకండి. రాత్రి పదకొండింటి దాకా గిన్నెలు సర్దే మనిషి నాలుగింటికి లేస్తే నిద్ర చాలదు, నిద్ర చాలని మనిషి రాసిన కథా బాగుండదు. రోజులో ఎవరికీ మీతో పని పడని వేళ ఏదో, ఒక వారం పాటు గమనించండి. కొందరికి అది బడిలో ఖాళీ పీరియడు, కొందరికి మధ్యాహ్నం పెద్దలు నడుం వాల్చే సమయం. ఎంత చిన్నదైనా ఆ వేళను మార్చకండి.

ఇంట్లోవారికి ఆ వేళ గురించి స్పష్టంగా చెప్పడం మాత్రం మీరు తప్పకుండా చేయవలసిన పని. పూజలో కూర్చున్న మనిషిని లేచి తలుపు తీయమని మన ఇళ్ళలో ఎవరూ అడగరు, ఎందుకంటే అది ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో అందరికీ తెలుసు. రాత విషయంలో ఆ హద్దు తెలియకపోవడం వల్లే, రాసుకుంటున్న ఆడమనిషి ఇంటివారి కంటికి ఖాళీగా కూర్చున్నట్టు కనబడుతుంది. "నాలుగున్నర నుంచి ఐదుంబావు వరకు నేను రాసుకుంటాను, ఆ తర్వాత ఏ పనైనా చెప్పండి" అని అత్తగారితో మర్యాదగా, నవ్వుతూ చెప్పండి. ఐదుంబావుకు నిజంగానే లేవండి. మీరు మాట ప్రకారం లేస్తారని వారికి నమ్మకం కుదిరితే, ఐదుంబావు దాకా ఆగడం వారికీ కష్టం కాదు. సంక్రాంతికి, మాఘమాసపు పెళ్ళిళ్ళకు ఇంటినిండా చుట్టాలు వచ్చే రోజులను లెక్కలోంచి ముందే తీసేయండి. ఆ రోజుల్లో రాయలేకపోయానన్న బాధ అనవసరం. ఇంత చెప్పాక మీవారికి ఒక మాట. అయ్యా, ఆ నలభై అయిదు నిమిషాలు పిల్లల పిలుపులకు మీరు పలకండి. ఈ జవాబులో ఉన్న సలహాలన్నిటికంటే ఆ సాయం ఎక్కువ పనిచేస్తుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఒక నవల మొదలుపెట్టాను. రాసిన భాగాలను ఫేస్‌బుక్‌లో పెడుతుంటాను. పెట్టిన తర్వాత ఎవరేమన్నారో చూస్తూ ఉండిపోతాను. ఫోను పక్కన పెట్టాలని రోజూ అనుకుంటాను, కానీ సాధ్యం కావడం లేదు.

జవాబు: ఫోను గురించి ముందు చెబుతాను. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ వార్డ్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఫోను బల్లమీద ఉన్నవారికంటే వేరే గదిలో వదిలి వచ్చినవారు ఏకాగ్రత అవసరమైన పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు. ఫోను మోగకపోయినా ఈ తేడా కనబడింది. తర్వాత ఇతరులు చేసిన ప్రయోగాల్లో ఫలితాలు అన్నిచోట్లా ఇలాగే రాలేదు కనుక, దీన్ని తిరుగులేని సత్యంగా తీసుకోవద్దు. అయినా ఫోను చేతికి అందనంత దూరంలో ఉంటే దాన్ని తీయాలో వద్దో నిమిషానికోసారి నిర్ణయించుకునే శ్రమ తప్పుతుందన్నది ఎవరికివారు పరీక్షించి చూసుకోగల సంగతి. తెలుగు టైపు చేయడానికి ఫోనే వాడతారేమో. అలాగైతే రాసే గంటసేపు ఇంటర్నెట్ ఆపేయండి, లేదా మొదటి ప్రతి నోటుపుస్తకంలో రాసి, వారాంతంలో టైపు చేసుకోండి. చేత్తో రాసినది ఎక్కించేటప్పుడే మొదటి సవరణ కూడా జరిగిపోతుంది.

మీ అసలు ఇబ్బంది ఫోనుకంటే లోతైనదని నాకనిపిస్తోంది. నవల ఇంకా ఏ రూపం తీసుకోబోతోందో మీకే తెలియని దశలో, రాసిన ప్రతి భాగానికీ ఆ రాత్రే మెప్పు వస్తోంది. మెప్పు వచ్చాక, రాయడం వల్ల కలగవలసిన తృప్తి సగం ముందే తీరిపోతుంది. మిగిలిన సగం, పాఠకులు మెచ్చిన పాత్రనే మళ్ళీ మళ్ళీ తెరమీదికి తెమ్మని మిమ్మల్ని తొందరపెడుతుంది. నా అభిప్రాయంలో నవల మొదటి ప్రతి పూర్తయ్యేవరకూ ఎక్కడా పెట్టకపోవడమే మంచిది.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేము. మన వారపత్రికల్లో సీరియళ్ళు వెలిగిన కాలంలో ఎంతోమంది రచయితలు వారం వారం రాస్తూనే నవలలు పూర్తిచేశారు, పాఠకుల ఉత్తరాలు వారికి అందుతూనే ఉండేవి. అయితే అక్కడ ఒక గడువు ఉండేది, ఆ గడువు దగ్గర ఒక సంపాదకుడు ఉండేవాడు, ఉత్తరం చేరడానికి రోజులు పట్టేది. మీరు భాగాలు పెట్టకుండా ఉండలేనంటే, ఆ మూడింటినీ మీరే కల్పించుకోండి. వారంలో ఒకే రోజు పెట్టండి, పెట్టేముందు మొహమాటం లేని ఒక్క స్నేహితుడికి చూపించండి, వ్యాఖ్యలను మూడు రోజుల తర్వాత ఒకేసారి చదవండి.

ఉద్యోగంలో ఉన్నవారికి నేను ఎప్పుడూ గుర్తుచేసే పేరు కొడవటిగంటి కుటుంబరావు. 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు ఆయన చందమామ పత్రిక సంపాదకత్వ బాధ్యత మోశారు. పిల్లల పత్రిక నెలనెలా తప్పకుండా రావాలి, దాని కోసం ఎంతో రాయాలి, ఎంతో తిరగరాయాలి. ఆ పని చేస్తూనే కథలు, నవలలు, నాటికలు, సినిమా మీదా విజ్ఞానశాస్త్రం మీదా సమాజం మీదా వ్యాసాలు సంపుటాల కొద్దీ రాశారు. పగలంతా రాతపనే చేసి వచ్చి మళ్ళీ రాయడం ఎంత కష్టమో, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చే మీకు తెలుసు.

ప్రశ్న: నేను రెవెన్యూ శాఖలో పదవీ విరమణ చేశాను. మా ఊరి చరిత్ర రాయాలని సంకల్పం. కైఫీయతులు (ఊళ్ళ గురించి పూర్వం రాసిపెట్టిన స్థానిక చరిత్రలు), శాసనాల సంపుటాలు, గెజెటీర్లు (జిల్లాల వివరాలిచ్చే ప్రభుత్వ గ్రంథాలు) పోగుచేశాను. ఇప్పుడు సమయానికి కొదవ లేదు. అయినా రాత మొదలుకావడం లేదు.

జవాబు: మీకున్న సమయమే మీకు అడ్డు. ఉదయం దినపత్రిక, తర్వాత బ్యాంకు పని, సాయంత్రం నడక అని పగలంతా ముక్కలవుతుంది, ఏ ముక్కా రాతకు ప్రత్యేకించినది కాకుండా పోతుంది. ఆంగ్ల నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ తపాలా శాఖలో పెద్ద ఉద్యోగం చేస్తూ నవలలు రాసినవాడు. ఉదయం అయిదున్నరకు బల్ల ముందు కూర్చుని, ముందున్న గడియారం చూసుకుంటూ పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. ఆయన మరణించాక 1883లో వెలువడిన ఆత్మకథలో ఈ వివరాలన్నీ ఉన్నాయి. రోజుకు మూడు గంటలకు మించి రాయనవసరం లేదన్నది ఆయన అభిప్రాయం. అందులోనూ మొదటి అరగంట ముందురోజు రాసినది చదువుకోవడానికే. ఆయన వేగం మీకు అక్కరలేదు. ఆ అరగంట మాత్రం తీసుకోండి. దినపత్రిక విప్పకముందే నిన్నటి పుట చదవండి, తర్వాత ఒక గంట రాయండి, ఆపైన పత్రిక చదువుకోండి.

సామగ్రి పూర్తిగా చేతికి వచ్చాకే మొదలుపెట్టాలన్న పట్టుదల వదలండి. ఊరి చరిత్రకు సామగ్రి ఎప్పటికీ పూర్తికాదు. చెరువు గురించి మీ దగ్గర కైఫీయతు ఉందనుకోండి, తూము మరమ్మతుల సంగతి చెప్పగల పెద్దవారు ఉన్నారనుకోండి, పుస్తకంలో అది ఎన్నో అధ్యాయమైనా ముందు అదే రాయండి. సంవత్సరమో రాజు పేరో గుర్తురాకపోతే, అక్కడ ఖాళీ వదిలి ఎర్ర సిరాతో గుర్తుపెట్టి ముందుకు సాగండి. రాస్తూ రాస్తూ శాసన సంపుటం కోసం లేస్తే, ఆ ఒక్క తేదీ వెతకబోయి మధ్యాహ్నం దాకా చదువుతూ కూర్చుంటారు. చదివేటప్పుడు పని చేస్తున్నట్టే అనిపిస్తుంది కనుక ఇది గుర్తుపట్టడం కష్టం. ఎర్ర గుర్తులన్నిటికీ కలిపి శనివారం కేటాయించండి.

ప్రశ్న: రోజూ రాయకపోతే రచయిత కాదా? మనవాళ్ళలో గొప్ప కథకులు కొందరు చాలా తక్కువ రాశారు కదా? (వరంగల్ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: తప్పకుండా రచయితే. కాళీపట్నం రామారావు గారు విశాఖపట్నంలో బడిపంతులుగా పనిచేస్తూ రాసిన కథల సంఖ్య పెద్దది కాదు. 1964లో వచ్చిన 'యజ్ఞం' గురించిన చర్చ మాత్రం ఇన్ని దశాబ్దాలైనా ఆగలేదు. కొత్త కథలు రాయడం తగ్గిన తర్వాత కూడా ఆయన సాహిత్యానికి వేళ కేటాయించడం మానలేదు. ఇతరుల కథలను ఓపికగా సేకరించి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పారు. గురజాడ 1897లో అచ్చైన 'కన్యాశుల్కా'న్ని అంతటితో వదిలేయలేదు. విజయనగరం సంస్థానపు కొలువులో ఉంటూనే దాన్ని ఎంతో పెంచి తిరగరాసి, 1909లో రెండో కూర్పుగా తెచ్చారు. ఈ రోజు మనం చదివేది ఆ తిరగరాసిన నాటకాన్నే.

కాబట్టి ఎన్ని పుటలన్న లెక్క ముఖ్యం కాదు. అయితే వీరు తక్కువ రాయడాన్నీ మీరు రాయకపోవడాన్నీ ఒకే గాటన కట్టకండి. తక్కువ రాసినవారు పనికి దూరంగా లేరు, చేతిలో ఉన్న ఒక్క రచనను చాలాకాలం మోశారు. మీ విషయంలో తేడా తెలుసుకోవడానికి ఒక ప్రశ్న వేసుకోండి. నిన్న మీరు రాయలేదు, సరే. నిన్న మీ కథలో ఏ సంగతి తేలక ఆగిపోయారో చెప్పగలరా? చెప్పగలిగితే, ఆ కథ మీ దగ్గర పనిలో ఉన్నట్టే, రాయని రోజుల గురించి బెంగపడకండి. చెప్పలేకపోతే, పరీక్షలు లేని ఈ వారంలోనే ఆ కాగితాలు బయటికి తీసి, చివరి రెండు పుటలు చదివి, ఆగిన చోట ఏం తేలలేదో ఒక్క వాక్యంలో రాసి పెట్టండి. ఆ వాక్యం ఎటూ తెగకపోతే కథతోపాటు నాకు పంపండి, వచ్చే నెల దాని గురించి మాట్లాడుకుందాం.