పలచటి నెగెటివ్‌కు ఏ స్కానర్ కొనాలి?

ప్రశ్న: నాన్నగారు తీసిన 6×6 (ఒక్కో ఫ్రేము దాదాపు 6 సెంటీమీటర్ల చదరం) బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లు చాలా ఉన్నాయి. ఎక్కువ భాగం పలచగా, అండర్‌ఎక్స్‌పోజ్ అయినట్టు (ఫొటో తీసేటప్పుడు వెలుతురు చాలనట్టు) కనిపిస్తున్నాయి. డీమ్యాక్స్ ఎక్కువున్న ఖరీదైన స్కానర్ కొంటే నీడల్లోని వివరాలు బయటపడతాయా?

జవాబు: ముందు ఫిల్మ్ అంచున ఉండే అంకెలు, అక్షరాలు చూడండి. అవి నల్లగా, స్పష్టంగా ఉండి బొమ్మ మాత్రమే పలచగా ఉంటే అది అండర్‌ఎక్స్‌పోజరే. అంకెలు కూడా వెలిసిపోయినట్టుంటే డెవలపింగ్ సరిపోలేదన్నమాట. అలాంటప్పుడు నీడల్లో వివరాలు దొరికే ఆశ కొంచెం ఎక్కువే. అసలు ఫిల్మ్ మీద పడని వెలుతురును మాత్రం ఏ స్కానరూ తెచ్చివ్వలేదు.

డీమ్యాక్స్ కోసం డబ్బు పెట్టకండి. ఫిల్మ్‌లో ఎంత దట్టమైన భాగం దాకా స్కానర్ చూడగలదో చెప్పే అంకె అది. స్లైడ్‌లలో (బొమ్మ నేరుగా కనిపించే పాజిటివ్ ఫిల్మ్‌లో) నీడలు దట్టంగా ఉంటాయి కాబట్టి అక్కడ దాని అవసరం ఉంది. మీ నెగెటివ్‌ల కథ వేరు. నీడల వివరమంతా దాదాపు పారదర్శకంగా ఉన్న చోటే ఉంది. స్కానింగ్‌లో వెలుతురు కాస్త ఎక్కువైనా ఆ కొద్ది తేడా కూడా తెల్లగా కలిసిపోతుంది. చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే ఆటో ఎక్స్‌పోజర్ ఆపేసి, ఫ్రేముల మధ్య ఉండే ఖాళీ ఫిల్మ్ కూడా పూర్తి తెలుపుకు చేరకుండా హిస్టోగ్రామ్‌లో (నలుపు నుంచి తెలుపు దాకా ఛాయలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్‌లో) సరిచూసుకోండి. బూడిద ఛాయలు ఎక్కువగా పట్టే 16 బిట్ గ్రేస్కేల్ టిఫ్ ఫైలుగా సేవ్ చేయండి. పలచటి బొమ్మకు తర్వాత కాంట్రాస్ట్ బాగా పెంచాల్సి వస్తుంది. 8 బిట్ ఫైలులో అలా పెంచితే ఆకాశం మెట్లుమెట్లుగా విడిపోతుంది.

మీ అవసరానికి 120 ఫిల్మ్ (6×6 నెగెటివ్‌లు వచ్చే వెడల్పాటి రోల్ ఫిల్మ్) హోల్డర్ ఉన్న ఫ్లాట్‌బెడ్ (అద్దం మీద పెట్టి స్కాన్ చేసే స్కానర్) చాలు. ఎప్సన్ వీ850 అనే ఫ్లాట్‌బెడ్ మీద 6400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) అని ఉన్నా, నిజంగా దొరికే వివరం దాదాపు 2300 డీపీఐ. 56 మిల్లీమీటర్ల ఫ్రేముకు అదే సుమారు 5000 పిక్సెళ్లు. అంటే 300 డీపీఐలో దాదాపు 17 అంగుళాల ప్రింట్. దానికంటే చిన్నదైన వీ600 కూడా 120 ఫిల్మ్ స్కాన్ చేస్తుంది. పెద్ద ప్రింట్లు వేయకపోతే నేనైతే దానితోనే సరిపెట్టుకోమంటాను. మిగిలిన డబ్బు ఫిల్మ్‌ను చదునుగా పట్టి ఉంచే మంచి హోల్డర్ మీద పెట్టండి. పాత 120 ఫిల్మ్ వంకర తిరిగి ఉంటే మధ్యలో ఫోకస్ పోతుంది. ఆ లోటును సాఫ్ట్‌వేర్ పూడ్చలేదు.

ఒక జాగ్రత్త: ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో దుమ్ము, గీతలు పసిగట్టి తీసేసే డిజిటల్ ఐస్ అనే స్కానర్ సౌకర్యాన్ని ఆపి ఉంచండి. మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌లోని వెండి ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను అడ్డుకుంటుంది. దాంతో డిజిటల్ ఐస్ బొమ్మలోని వివరాన్నే దుమ్మనుకుని చెరిపేస్తుంది. స్కాన్‌కు ముందు బ్లోయర్‌తో ఊది, మెత్తటి బ్రష్‌తో తుడిస్తే సరి.