జీటీ40 రెప్లికా కట్టాలనుకుంటే ముందు బాడీ కొనకండి

ఫోర్డ్ 1960లలో రేసుల కోసం కట్టిన జీటీ40 కారు రెప్లికాను (అచ్చంగా పోలిన నకలును) సొంత గ్యారేజ్‌లో ఒక్కరే కట్టగలరా, కడితే మొదట బాడీ కొనాలా ఇంజిన్ కొనాలా అని అడిగారు. ఆ కాలపు మరో రేసు కారు పోర్షా 917 అయితే ఎలా ఉంటుందని కూడా చివర్లో రాశారు.

ఒక్కరి వల్ల అవుతుంది. నేను కట్టాను. సెలవులూ వారాంతాలూ కలుపుకొని ఆరేళ్లు పట్టింది. అందులో ఏడాదిన్నర, చేసిన పనిని విప్పి మళ్లీ చేయడానికే పోయింది. ఆ ఏడాదిన్నర మీకు మిగలాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

బాడీయా ఇంజినా అంటే రెండూ కాదు. ముందు సీటు, ఆ తర్వాత గేర్‌బాక్స్.

కారు పేరులో ఉన్న 40 దాని ఎత్తే, అంగుళాల్లో. ఫొటోల్లో ఆ సంగతి తెలియదు, పక్కన నిలబడితే కప్పు మన నడుము దగ్గరికి వస్తుంది. తలుపులు కప్పులోకి కోసుకుపోయి ఉండేది అందుకే, లేకపోతే మనిషి లోపలికి దూరలేడు. రెండు పక్కలా పెట్రోలు ట్యాంకులు దాచుకున్న వెడల్పాటి గడపలు ఉంటాయి, వాటిని దాటి కాలు పెట్టాలి. మార్క్ 1 (జీటీ40లో మొదటి రకం) కార్లు చాలావాటిలో గేర్ రాడ్ కుడిచేతి వైపు, తలుపు పక్కనే ఉంటుంది. 1967లో ఎ.జె. ఫోయిట్‌తో కలిసి ఫ్రాన్స్‌లో జరిగే ఇరవై నాలుగు గంటల రేసు లె మాన్స్ గెలిచిన డాన్ గర్నీ బాగా పొడగరి. ఆయన హెల్మెట్ పట్టడం కోసం మార్క్ 4 కప్పును బుడగలా ఉబ్బెత్తుగా చేయాల్సి వచ్చింది. ఫోర్డ్ అంతటి సంస్థే డ్రైవర్ కోసం కప్పు మార్చుకుంది కదా.

అందుకని రూపాయి ఖర్చు పెట్టకముందే ఒక పని చేయండి. డ్రాయింగ్‌లో ఉన్న కొలతలకు ప్లైవుడ్ పలకలతో కాక్‌పిట్ తయారు చేసుకోండి. పెడల్స్ ఉండాల్సిన చోట రెండు ఇటుకలు పెట్టండి, స్టీరింగ్ బదులు ఒక పళ్లెం పట్టుకోండి, అరగంట కదలకుండా కూర్చోండి. నాకు పదో నిమిషంలోనే ఎడమ మోకాలు పళ్లేనికి ఒరుసుకోవడం మొదలైంది. పెడల్ బాక్స్‌ను 40 మి.మీ. ముందుకు జరపడం కాగితం మీద ఐదు నిమిషాల పని. వెల్డింగ్ అయ్యాక అదే పనికి ఫ్రేమ్ ముందు భాగం మొత్తం కోయాలి.

ఇక గేర్‌బాక్స్. అసలు కారులో చిన్న వీ8 ఇంజిన్‌తో (రెండు వరుసల్లో ఎనిమిది సిలిండర్లు) వచ్చిన మార్క్ 1కి జెడ్‌ఎఫ్ కంపెనీ ఐదు గేర్ల ట్రాన్సాక్సిల్ (గేర్‌బాక్సూ ఇరుసును తిప్పే పళ్ల చక్రాలూ ఒకే పెట్టెలో) ఉండేది. ఇప్పుడు చాలామంది పోర్షా 911 గేర్‌బాక్స్ వాడతారు. 911లో ఇంజిన్ వెనక ఇరుసుకు వెనకాల ఉంటుంది, జీటీ40లో ఇరుసుకు ముందు. ఉన్నదాన్ని ఉన్నట్టు తిప్పి బిగిస్తే మీకు ఐదు రివర్స్ గేర్లు, ఒక్క ముందు గేరు వస్తాయి. లోపల ఇరుసును తిప్పే పెద్ద పళ్ల చక్రాన్ని, అంటే క్రౌన్ వీల్‌ను, అవతలి వైపుకు మార్చాలి, లేదా మొత్తం పెట్టెనే తలకిందులుగా బిగించి ఆయిల్ దారులు సరిచేయాలి. మీరు ఏ దారి ఎంచుకుంటారో దాన్నిబట్టి ఇంజిన్ ఎంత ఎత్తులో కూర్చుంటుంది, వెనక సస్పెన్షన్ పాయింట్లు ఎక్కడ వస్తాయి, డ్రైవ్ షాఫ్టులు ఏ కోణంలో ఉంటాయి అన్నీ తేలతాయి. ఇంజిన్‌కు ధారాళంగా ఖర్చు పెట్టి గేర్‌బాక్స్ దగ్గర బేరమాడేవాళ్లను చూశాను. ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టు ఉంటుంది ఆ పని. వాళ్ల ఫ్రేములు ఇప్పటికీ స్టాండ్ల మీదే ఉన్నాయి.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్న మాటకు వస్తాను. ఇరవై నాలుగు గంటల రేసు కోసం కట్టిన కారు వేగంగా వెళ్లడానికి ఎంతో, వేగంగా విప్పడానికీ అంతే. ముందు భాగం, వెనక భాగం రెండూ పెట్టె మూతల్లా పూర్తిగా తెరుచుకునేది అందం కోసం కాదు. 1966లో ఏడు లీటర్ల మార్క్ 2 బరువుకు బ్రేక్ డిస్కులు తెల్లారేదాకా నిలవవని తేలింది. ఫిల్ రెమింగ్టన్ అనే ఇంజినీరు, పిట్‌లో ఆగిన కాస్త సమయంలోనే డిస్కునూ ప్యాడ్లనూ కలిపి మార్చేసే ఏర్పాటు చేశాడు. ఆ ఏడాది బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్ గెలిచారు. నేను కట్టేటప్పుడు ఈ సంగతి చదివే ఉన్నాను. అయినా నా పనిలోకి దాన్ని తెచ్చుకోలేదు.

జీటీ40 వెనక మూత ఎత్తితే కనపడే పాముల చుట్టలాంటి ఎగ్జాస్ట్ మీరు చూసే ఉంటారు. 289 ఘనపు అంగుళాల వీ8 ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో ఇంధనం మండే వరుస) 1-5-4-2-6-3-7-8. 1 నుంచి 4 ఒక వైపు, 5 నుంచి 8 ఇంకో వైపు. ఒకే వైపున్న నాలుగు సిలిండర్లను ఒక గొట్టంలో కలిపితే పొగ దెబ్బలు సమానమైన ఎడంతో రావు, ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి. అందుకే 1, 4, 6, 7ను ఒక గుంపుగా, 5, 2, 3, 8ను ఇంకో గుంపుగా కలుపుతారు. అంటే ప్రతి వైపు నుంచీ రెండేసి గొట్టాలు అవతలి వైపుకు దాటాలి. ఆ దాటేది సరిగ్గా ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోటు పైనుంచి. నేను ఎనిమిది గొట్టాలనూ నెలల తరబడి వంచి, కోసి, ట్యాక్ వేసి, చివరికి కలెక్టర్లతో (గొట్టాలన్నీ కలిసే ముక్కలతో) సహా ఒకే ముక్కగా వెల్డ్ చేసేశాను. చూస్తే కళ్లు తిప్పుకోలేనంత బాగుంది. మొదటిసారి రోడ్డెక్కిన మూడో వారంలో క్లచ్ పెడల్ నేలకు అంటుకుపోయింది. పెడల్ నొక్కితే క్లచ్‌ను కదిపే స్లేవ్ సిలిండర్ సీలు పోయింది, అది ఉన్నది ఆ గొట్టాల కింద. చెయ్యి పట్టదు, స్పానర్ పట్టదు. ఎగ్జాస్ట్ బయటికి రావాలంటే గేర్‌బాక్స్ మౌంట్లు విప్పి ఇంజిన్‌ను వెనక్కి జరపాలి. వేలి ఉంగరమంత రబ్బరు ముక్కకు రెండు వారాంతాలు పట్టింది.

ఆ తర్వాత గొట్టాలన్నిటినీ కోసి, ఒకదాంట్లో ఒకటి జారే జాయింట్లు పెట్టి స్ప్రింగులతో పట్టించాను. అసలు కార్లలోనూ అలాంటి జాయింట్లే. ఇప్పుడు అదే సీలు మార్చడానికి నలభై నిమిషాలు చాలు. అప్పటినుంచి ఏ భాగం బిగించినా, పక్క భాగం కదపకుండా దీన్ని విప్పగలనా అని ఒకసారి విప్పి చూసుకుంటున్నాను.

రేడియేటర్ ముక్కు దగ్గర, ఇంజిన్ వీపు వెనక కాబట్టి నీళ్ల గొట్టాలు కారు పొడవునా పోతాయి, మధ్యలో గాలి చిక్కుకుంటుంది. రేడియేటర్ పైమూల నుంచి ఒక సన్నని గొట్టం ఎక్స్‌పాన్షన్ ట్యాంకు దాకా ఎక్కుతూనే పోవాలి, ఎక్కడా దిగకూడదు. ఇంతకు మించి దాంట్లో ఏమీ లేదు.

స్టీరింగ్ విషయంలో మాత్రం ఓపిక పట్టండి. చక్రం గుంతలో పడి పైకి లేచినప్పుడు తనంతట తాను పక్కకు తిరగకూడదు. స్ప్రింగులు తీసేసి, హబ్‌కు ఒక చదునైన ప్లేటు బిగించి, దానికి ముందొకటి వెనకొకటి డయల్ గేజ్‌లు (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరాలు) ఆనించి, జాకీతో పది మి.మీ. చొప్పున ఎత్తుతూ కొలతలు రాసుకోవాలి. నాది 50 మి.మీ. ప్రయాణంలో 4 మి.మీ. తిరిగేది. స్టీరింగ్ ర్యాక్ కింద 6 మి.మీ. షిమ్ (ఎత్తు సరిచేసే ముక్క) పెట్టాక అర మి.మీ.కు దిగింది. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం రంగు వేసిన రోజు కూడా కలగలేదు.

ఫైబర్‌గ్లాస్ బాడీ అచ్చులోంచి తీసిన తర్వాత కూడా కొన్ని వారాలపాటు గట్టిపడుతూనే ఉంటుంది, కాస్త ముడుచుకుంటుంది. నేను తలుపు సందులు చక్కగా కుదుర్చుకొని వెంటనే రంగు వేయించాను. ఒక ఎండాకాలం గడిచేసరికి ఎడమ తలుపు కింది మూల బయటికి తేలింది, వెనక మూత మీద లోపలి గాజు పోగుల అల్లిక గీతలు పైకి కనిపించాయి. మీరైతే బాడీని ఫ్రేమ్‌కు బిగించి, ప్రైమర్ వేసి, కొన్ని నెలలు ఎండలో ఉంచి, ఆ తర్వాతే రంగు సంగతి చూడండి. బాడీ ముందు కొనవద్దని అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఫ్రేమ్ మీద బాడీ పెట్టగానే కారు అయిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి అప్పటికి అయిదో వంతు పని కూడా అయి ఉండదు. ఆ దశలో వదిలేసినవాళ్లే ఎక్కువ.

917 మాటకొస్తే, మొదటి కారుగా వద్దంటాను. జీటీ40 ఇంజిన్ మామూలు ఇనుప బ్లాకు వీ8, విడిభాగాలు ఇప్పటికీ తయారవుతున్నాయి. 917ది గాలితో చల్లబడే పన్నెండు సిలిండర్ల ఇంజిన్. అలాంటిది మనకు దొరకదు, రెప్లికాలు ఆరు సిలిండర్లతో సరిపెట్టుకుంటాయి. ఫ్రేమ్ సన్నని అల్యూమినియం గొట్టాలు. పగుళ్లు తెలియడానికి వాళ్లు ఆ గొట్టాల్లో గ్యాస్ నింపి గేజ్ పెట్టుకునేవారు, అంత పలచన. మీరు ఏ కారు కట్టినా ఏ ఏడాది కారో ముందే తేల్చుకోండి. 1969లో 917 వేగం పెరిగేకొద్దీ అదుపు తప్పేది. ఆ ఏడాది అక్టోబరులో ఆస్ట్రియాలో పరీక్షలప్పుడు జాన్ హార్స్‌మన్ అనే ఇంజినీరు చూస్తే, బాడీ ముందంతా దోమలు అంటుకొని ఉన్నాయి, వెనక రెక్కల మీద ఒక్కటీ లేదు. గాలి అక్కడిదాకా అందడమే లేదన్నమాట. అక్కడికక్కడే అల్యూమినియం రేకులతో తోకను పైకి లేపి కట్టారు. మరుసటి ఏడాది లె మాన్స్ గెలిచింది ఆ పొట్టి తోక కారే. ముందటి ఏడాది ముక్కూ తర్వాతి ఏడాది తోకా కలిపి అతికిస్తే అది ఏ కారూ కాదు.

ఇంకొక్క విషయం, మీరు అడగకపోయినా. ఛాసిస్ ప్లేటు మీద అసలు కారు నంబరు కొట్టకండి. పీ/1075 నంబరున్న ఒకే జీటీ40 1968లోనూ 1969లోనూ లె మాన్స్ గెలిచింది. రెండోసారి డ్రైవర్ జాకీ ఇక్స్ గెలుపు తేడా 24 గంటల తర్వాత దాదాపు 120 మీటర్లు. ఆ నంబరు ఆ కారుదీ, దాన్ని నడిపినవాళ్లదీ. మీ రెప్లికా రేపు ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు ఆ ప్లేటు ఒకరిని మోసం చేయకూడదు. నా కారు ప్లేటు మీద నా పేరు, ఫ్రేమ్‌కు మొదటి గొట్టం కోసిన తేదీ, ఇంజిన్ మొదటిసారి అంటుకున్న తేదీ ఉన్నాయి.

ప్లైవుడ్ కాక్‌పిట్‌లో కూర్చున్నాక మీ ఎత్తు, మోకాలికీ స్టీరింగ్‌కీ మధ్య ఎంత ఖాళీ వచ్చిందో ఇక్కడే రాయండి. పెడల్ బాక్స్ ఎక్కడ పెట్టాలో కలిసి చూద్దాం.