'రెచ్' అంటే నీచుడేనా?

పాత ఇంగ్లీష్ కథల్లో కనిపించే 'రెచ్' (wretch) అనే మాట తిట్టా, జాలిపడి అనేదా, ఇప్పుడు వాడొచ్చా అని అడిగారు. ఈ మాట దగ్గర నేను గట్టిగా దెబ్బతిన్నా కాబట్టి చెప్తున్నా.

అనువాదాలు మొదలుపెట్టిన కొత్తలో ఓ పాత కథ చేస్తున్నా, అందులో చలికి వణుకుతూ గుమ్మంలో పడిపోయిన ముసలాయన్ని చూసి ఇంటావిడ 'పూర్ రెచ్' అంటుంది. డిక్షనరీ యాప్‌లో చూస్తే మొదట 'నీచుడు' అని వచ్చింది, 'పేద నీచుడు' అని పెట్టి పంపించేశా. మా ఎడిటర్ మేడమ్ ఆ పేజీ నా ముందుపెట్టి ఆ మాట కింద పెన్నుతో గీత గీసి, "నీచుడైతే ఆవిడ దుప్పటి ఎందుకు కప్పుతోంది బాబూ?" అన్నారు. దుప్పటి ఆ పక్క లైన్లోనే ఉంది, నాకు కనపడలేదు. ఆవిడే కొట్టేసి 'పాపం, దిక్కులేనివాడు' అని రాశారు. ఈ యాప్‌లు మాటకి ఒక్క అర్థం ఇచ్చి చేతులు దులుపుకుంటాయి, పిల్లలు అదే బట్టీపడుతున్నారు, నాకు మహా కోపం.

పాత ఇంగ్లీష్‌లో దీని మూలరూపానికి అర్థం దేశం నుంచి తరిమేసినవాడు అని. అదే మూలం నుంచి జర్మన్‌లో వచ్చిన 'రెకె' అంటే వీరుడు! ఇంగ్లీష్‌లో మాత్రం ముందు దీనుడయ్యాడు, తర్వాత నీచుడూ అయ్యాడు. మనమేం తక్కువ తిన్నామా, దిక్కు లేకపోవడం ఆ మనిషి తప్పయినట్టు 'దిక్కుమాలినోడా' అని తిడతాం, విధవ అనే మాటని 'వెధవ' చేసి ఊరందర్నీ తిడతాం. ఇది నాకు ఎప్పుడూ బాధే.

బానిసల ఓడలకి కెప్టెన్‌గా చేసిన జాన్ న్యూటన్, 1779లో అచ్చయిన 'అమేజింగ్ గ్రేస్' కీర్తనలో తనని తానే రెచ్ అనుకున్నాడు. కొన్నిచోట్ల ఇప్పుడు ఆ మాట మార్చి పాడుతున్నారు, అది తీసేస్తే ఇక ఆ పాటలో పశ్చాత్తాపం ఏం మిగిలింది చెప్పండి?

వాడకం అంటారా, ముందు 'పూర్' ఉంటే జాలి, 'యూ' ఉంటే దాదాపు తిట్టే, అయినా షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో తన భార్య గురించి ముద్దుగా కూడా ఈ మాటే అంటాడు కాబట్టి చుట్టూ ఉన్న లైన్లు చదవాల్సిందే. డబ్ల్యూ పలకదు, వాంతికొచ్చినట్టు అవడాన్ని చెప్పే మాట (retch) కూడా చాలామంది నోట ఇలాగే పలుకుతుంది. మామూలు మాటల్లో ఇప్పుడు 'రెచ్' పెద్దగా వినపడదు, 'రెచిడ్' (wretched) మాత్రం ఒంట్లో అస్సలు బాగోలేనప్పుడు ఇప్పటికీ అంటారు, అది నిక్షేపంగా వాడుకోండి.