అల్లుడా, 17 ఇంచులు వద్దు

అల్లుడా,

నువ్వు డల్లాస్‌ల పాత కారు కొన్నవని మీ అమ్మ చెప్పింది. చెప్పుడు ఏంది, ఒకటే మొత్తుకున్నది. ఇద్దరే కూసునే కారట, కప్పు గుడ్డదట, ముప్పై ఏండ్లు దాటిన బండట, అందరి లెక్క కొత్త టయోటా కొనుక్కోక ఇదేం పాడుబుద్ధి అని. ఆమెకు కప్పు రంది. నాకు ఆ రంది లేదు. 1992 మజ్దా మియాటా, 1.6 ఇంజను, వెనుక చక్రాల డ్రైవు, మీట నొక్కితే పైకి లేచే లైట్లు. ఫోటో చూస్తుంటే కడుపు నిండింది. మన ఇంట్ల ట్రాక్టరు కొన్నరు, సుమో కొని కిరాయికి తిప్పిన్రు, పెండ్లికి పెట్టిన కార్లు కూడ ఉన్నయి. ఉత్తగ నడుపుకుందామని, మనసు పడి, సొంత పైసలతోని కారు కొన్నది మాత్రం నువ్వే ముందు. మా బాపు ఉంటే తిట్టేటోడు. తిట్టి, ఎవ్వరు లేనప్పుడు ఎక్కి కూసునేటోడు.

ఆ సంతోషం నీ రెండో మెసేజ్ దాకనే. "మామా, 17 ఇంచుల అల్లాయ్స్ చూసి పెట్టిన, 7.5 వెడల్పు, ఆఫ్‌సెట్ 20, రేటు మస్తు తక్కువ" అని పెట్టినవ్. ఇగ నాకు నిద్ర ఎట్ల వస్తది? ఫోన్‌ల చెప్తే "సరే మామా" అని పెట్టేస్తవ్. నీ సరే సంగతి నాకు ఎరుకే. అందుకే రాస్తున్న. రాసి ఉంటే మళ్లొకసారన్న చూస్తవ్.

ములుగు రోడ్డు మీద టైర్ల షాపు నడుపుకుంటనే తల నెరిసినోణ్ని. పెద్ద రిమ్ముల మోజు నాకు కొత్త కాదు. వద్దని చెప్పింది నేనే, వినకపోతే పైసలు తీసుకొని వేసింది కూడ నేనే. నీ బండికి కంపెనీ ఇచ్చిన 14 ఇంచులు చిన్నగ కనవడ్తయి, ఒప్పుకుంట. అయితే 15కు పో. 15 ఇంచులు, 7 వెడల్పు, ఆఫ్‌సెట్, అంటే రిమ్ము నడిమి నుంచి బండికి ఆనే మొహం దాక ఉన్న దూరం, 30 మిల్లీమీటర్ల దగ్గరదగ్గర, దాని మీద 195/50 టైరు, అంటే 195 మిల్లీమీటర్ల వెడల్పు, పక్క గోడ ఎత్తు అండ్ల నూటికి 50. అంతకు మించి ఆ కారుకు అక్కర లేదు. లెక్క చెప్తా, నువ్వే కూడుకో, ఇంజనీరింగు చదివినవ్ గద.

కంపెనీ టైరు 185/60 R14. నేల నుంచి పై దాక 578 మిల్లీమీటర్లు. 195/50 R15 వేస్తే 576. అంటే స్పీడోమీటరు అబద్ధమాడదు, గేర్లు మజ్దా వాడు ఎట్ల పెట్టిండో అట్లనే ఉంటయి. నువ్వు మోజుపడ్డ 17 మీద 205/40 వేస్తే 596 అయితది. నూటికి మూడు పెరిగింది. మీటరు 60 చూపిస్తుంటే బండి 62 మీద ఉరుకుతుంటది. పోలీసులు ఆపితే నా పేరు చెప్పకు. మీటరు సంగతి పక్కకు పెట్టు, చక్రం ఎత్తు పెరిగితే ప్రతి గేరు జర బరువెక్కుతది. నీది 116 హార్స్‌పవర్ ఇంజను. అది కూడ కొత్తగున్ననాటి మాట.

రిమ్ము బరువు ఎంతో అడిగినవా? అడగవు. ఫోటోల రంగు చూస్తవ్, పుల్లలు ఎన్నున్నయో చూస్తవ్. తక్కువ రేటు 17 ఇంచుల పోత రిమ్ము మస్తు బరువుంటది, మీద టైరు బరువు వేరే. ఆ బరువంత స్ప్రింగుల కింద ఉంటది. గుంతల దిగి లేచినప్పుడు దాన్ని ఆపాల్సింది నీ షాకబ్జర్లే. బండి మొత్తం టన్ను. దానికి అంతంత చక్రాలు పెడితే బక్క పోరనికి గమ్‌బూట్లు తొడిగి ఉరకమన్నట్టే. ఆ కారు ఎందుకు కొన్నవ్? మలుపుల సోకు కోసమని నువ్వే అన్నవ్. ఆ సోకు పోగొట్టుకునేటందుకు పైసలు పెడ్తున్నవ్.

ఇగ టైరు పక్క గోడ. ఇప్పుడు 111 మిల్లీమీటర్లున్నది, నీ 17తోని 82కు దిగుతది. గుంత దెబ్బ తినేది ఆ రబ్బరు. అది తినలేకపోతే రిమ్ము తింటది, రిమ్ము దాటితే సస్పెన్షన్ అతుకులల్ల ఉండే ముప్పై ఏండ్ల రబ్బరు బుష్షులు తింటయి. మా రోడ్లు అద్దంలెక్క ఉంటయి మామా అని చెప్పకు. నువ్వు కారులకెళ్లి వీడియో కాల్ చేసినప్పుడు కాంక్రీటు అతుకుల మీద ఠక్కు ఠక్కుమనుడు నేను కూడ విన్న. నా మాట వింటే ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి బుష్షులు, బాల్ జాయింట్లు, షాకబ్జర్లు చూపించు. పైసలు మొదలు అక్కడ పెట్టు. కనవడని పని అని నీకు అనిపిస్తది. కనవడని పనే బండిని రోడ్డు మీద ఉంచుతది.

ఆఫ్‌సెట్ కూడ చూడు. కంపెనీ రిమ్ము 5.5 వెడల్పు, ఆఫ్‌సెట్ 45. ఆ అంకె తగ్గితే చక్రం బయటికి జరుగుతది. నువ్వు చెప్పిన 7.5, 20 వేస్తే చక్రం అంచు ఇప్పుడున్న తావు నుంచి 50 మిల్లీమీటర్లు బయటికి వస్తది. రెండు ఇంచులు! ఫెండరు రాసుకోకుంట ఉంటదా? నేను చెప్పిన 7, 30తోని 34 బయటికి, 4 లోపలికి. అది కూడ తక్కువేం కాదు. స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరి దాక తిప్పి, పక్కసీట్ల మనిషిని కూసోబెట్టి చూసుకో.

చిన్నచిన్నవి: బోల్టుల కొలత నాలుగు ఇంటు 100, అంటే 100 మిల్లీమీటర్ల గుండ్రం మీద నాలుగు బోల్టులు, అది నువ్వు చూసినవ్ లే. టైరు లోడ్ ఇండెక్సు, అంటే ఎంత బరువు మోస్తదో చెప్పే అంకె, 82కు తగ్గొద్దు. టైరు మీద చివరి నాలుగు అంకెలు చదువు, 2319 అని ఉంటే 2019ల 23వ వారం పుట్టిన టైరు, ఎంత నల్లగున్న కొనకు. రిమ్ము వెనుక జేడబ్ల్యూఎల్, వీఐఏ అని జపాను పరీక్షల అచ్చులు ఉన్నయా చూడు. వేసినంక అలైన్‌మెంట్ చేయించు.

ఇప్పుడు చెప్పేది మీ బాపు నీకు ఎప్పుడు చెప్పి ఉండడు.

2000ల మేడారం జాతర. నువ్వు అప్పటికి పాలు తాగే పిల్లగానివి. నీ ఎత్తు బంగారం, అంటే బెల్లం, ఇస్తనని మీ అమ్మ సమ్మక్కకు మొక్కుకున్నది. మీ బాపుకు అప్పుడొక సెకండ్ హ్యాండ్ జెన్ ఉండె. దాని మీద పానం. నేను తిడ్తనని నాకు చెప్పకుంట రాణిగంజ్ పోయి, ఎవరో వాడి తీసేసిన 14 ఇంచుల అల్లాయ్‌లు పట్టుకొచ్చిండు. సొంత బావ షాపు ఉండంగ ఇంకెక్కడనో వేయించిండు. ఆ షాపు పేరు ఇప్పుడెందుకు.

ఆ అల్లాయ్ ఆఫ్‌సెట్ జెన్‌ది కాదు. లోపల షాకబ్జరు ఉండే స్ట్రట్టుకు రాసుకున్నది. అక్కడనే ఆపాలె. ఆపలే. చక్రాన్ని బిగించే హబ్బుకు, రిమ్ముకు నడుమ స్పేసర్ బిళ్లలు పెట్టిన్రు. రాసుకునుడు పోయింది, బండి వెడల్పుగ, దర్జాగ కనవడ్డది, మీ బాపు వాడకట్టంత తిప్పిండు. స్పేసర్ ఎంత మందముంటే హబ్బు నుంచి బయటికొచ్చే స్టడ్డు బోల్టు అంత పొట్టిదైనట్టే గద. నట్టు పట్టుకోనీకి నాలుగు త్రెడ్లు కూడ సరిగ మిగలలే. దాని మీద రిమ్ము నడిమి రంధ్రం హబ్బు కంటె పెద్దది, ఆ సందు నింపే రింగు వేయలే. చక్రం నడుమకు కూసోక ఊగుడు మొదలైంది. స్టీరింగు వణికింది. బ్యాలెన్సింగ్ చేయించిండు. సీసం ముక్కలు కొట్టిన్రు. మళ్ల వణికింది. ఇగ రోడ్డు బాగలేదన్నడు.

జాతర నాడు వెనుక సీట్ల మీ అమ్మ, ఒళ్ల నువ్వు, పక్కన మీ అమ్మమ్మ. డిక్కి నిండ బెల్లం. హన్మకొండ నుంచి ములుగు దాక బండి వెనుక బండి. ములుగు ముంగట గట్టమ్మ తల్లికి మొక్కకుంట ఎవ్వరు మేడారం పోరు గద, మీ బాపు కూడ ఆపిండు. పక్కన ఒక లారీ ఆగి ఉన్నది. దాని క్లీనర్ పోరడు ఇనుప రాడు పట్టుకొని టైర్లు ఒక్కొక్కటి కొట్టుకుంట, చప్పుడును బట్టి గాలి చూసుకుంట వస్తున్నడు. వచ్చి వచ్చి ఆ ఊపుల జెన్ ముందు చక్రానికి కూడ ఒకటి తగిలించిండు. మీ బాపు కొత్త అల్లాయ్ మీద గీత పడ్డదని కొట్టనీకి పోయిండట. వాడు వినకుంట వంగి నట్టు మీద వేలు పెట్టిండు. నట్టు వేలితోని తిరిగింది.

షాపుకు ఎస్‌టీడీ బూతు నుంచి ఫోన్ వస్తే పానాలు, స్టడ్లు, పాత రిమ్ములు జీపుల వేసుకొని ఉరికిన. ఎడమ ముందు చక్రం. ఒక నట్టు ఎక్కడ రాలిపోయిందో లేనే లేదు. ఒక స్టడ్డు మెడ కాడ పగిలి తెల్లగ మెరుస్తున్నది, ఇంకొన్ని కిలోమీటర్లు పోతే తెగేదే. రిమ్ము రంధ్రాలు గుండ్రం పోయి కోలగ అయినయి. చుట్టూ అల్యూమినియం రాలి నల్లటి పొడి, ముట్టుకుంటే వేలికంటింది. ములుగు దాటినంక అడవి రోడ్డు, ఎదురుంగ జనంతోని కిక్కిరిసిన బస్సులు. నేను ఆ రంధ్రం చూసుకుంట ఎంతసేపు కూసున్ననో తెల్వదు. మీ అమ్మ నిన్ను భుజం మీద వేసుకొని చెట్టు కింద నిలబడి "ఇంకెంతసేపే అన్నా, పిల్లగానికి ఎండ తగుల్తున్నది" అంటున్నది. ఆమెకు అప్పటికి ఏం అర్థం కాలే. అయినంక అర్థమైంది, మీ బాపును వారం దాక అన్నం పెట్టుకుంటనే సతాయించింది.

గట్టమ్మ తల్లే ఆపిందని ఇప్పటికి అంటది. నేను కాదనను. ఆ క్లీనర్ పోరనికి మాత్రం అక్కడనే చేతులు జోడించిన, వాడు సిగ్గుపడి లారెక్కిండు. పాత రిమ్ములు ఎక్కించి పంపితే మొక్కు చెల్లించుకొని వచ్చిన్రు. తరాజుల ఒక దిక్కు నిన్ను కూసోబెడితే బెల్లం దిక్కు చెయ్యి చాపి ఏడ్చినవట.

అందుకే చెప్తున్న, స్పేసర్ అన్న మాట వినవడంగనే ఆ షాపులకెళ్లి బయటికి రా. హబ్బుకే గట్టిగ బిగించే మంచి స్పేసర్లు ఉంటయని నాకు తెలుసు, నువ్వు యూట్యూబ్ లింకు పంపకు. మంచియైన సరే వద్దు. సరైన ఆఫ్‌సెట్ రిమ్ము కొంటె దానితోని పనే పడదు.

మియాటా హబ్బు 54.1 మిల్లీమీటర్లు. బయట అమ్మే రిమ్ములు శానా మటుకు 73.1 రంధ్రంతోని వస్తయి. నడిమి రింగులు అడిగి తీసుకో, పదో పరకో డాలర్లు, బేరం చేయకు. ఎక్కించే ముందు హబ్బు మొహం మీద తుప్పును వైరు బ్రష్షుతోని గీకు. త్రెడ్లకు నూనె పెట్టకు. నట్లు రిమ్ముకు తగ్గ కోను నట్లేనా చూడు, పాతవి డబ్బాల దొరికినయని తిప్పకు. స్టడ్డు 12 మిల్లీమీటర్లు, త్రెడ్డు 1.5. అంటే నట్టు కనీసం ఎనిమిది చుట్లు తిరగాలె. చేతితోని తిప్పుకుంట నోటితోని లెక్కపెట్టు. ఆరుకే ఆగితే ఆ రిమ్ము తిరిగి పంపు.

నట్లు బిగించే గన్ను పెట్టి గర్రుమని బిగించనియ్యకు. ఎంత బలంతోని బిగిస్తున్నవో కొలిచే టార్క్ రెంచి కొను, లేకపోతే నేను కొనిస్త. మజ్దా పుస్తకంల 65 నుంచి 87 ఫుట్-పౌండ్లని ఉంటది. ఎదురుబొదురు వరుసల బిగించు. ఒక 50 మైళ్లు తిరిగినంక, బండి చల్లారినంక, మళ్ల రెంచి పట్టు. అల్యూమినియం కొత్తల కూసుంటది, నట్టు వదులైతది, ఎంత మంచి రిమ్మైన అంతే. ఈ ఒక్క పనికి బద్ధకించినవో, నేను ఫోన్ చేసి తిట్టుడు కాదు, టికెట్ కొనుక్కొని వస్త. వీసా లేదని నవ్వకు.

పాత 14 ఇంచులవి అమ్మకు. ఆ కారు మీద పుట్టిన రిమ్ములు అవి, తేలికవి, రేపు కారు అమ్మాలనిపించినా అవి ఉంటేనే మంచి రేటొస్తది. గ్యారేజీ మూలకు పెట్టు.

ఆర్డరు పెట్టే ముందు రిమ్ము వెనుక దిక్కు ఫోటో పంపు, ముందుది కాదు. వెడల్పు, ఆఫ్‌సెట్, అచ్చులు అన్ని అక్కడనే పోసి ఉంటయి. చూసి ఫోన్ చేస్త. మీ దిక్కు తెల్లారినంకనే చేస్తలే, పోయినసారి లెక్క నడిరాత్రి లేపను. పైసలు తక్కువ పడ్డయని ఆ సస్తా 17 మీద పడుతున్నవేమో, అట్ల అయితే ఆ సంగతి కూడ చెప్పు. మీ అమ్మకు తెల్వకుంట సర్దుత.

మీ మామ,
హన్మకొండ